గోడ మీద అంటించిన పాస్‌వర్డ్

భీమవరం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. అందులోని సంగతులు ఇవి.

ఆమె, ఆమె భర్త కాలేజీలకు వెళ్లే దారిలో నాలుగేళ్ల క్రితం ఒక టిఫిన్ హోటల్ పెట్టారు. పన్నెండు టేబుళ్లు. ఉదయం ఇడ్లీ, దోసె, పెసరట్టు బేరం. సాయంత్రం కాఫీకి విద్యార్థులు వస్తారు, లాప్‌టాప్‌లు తెరుచుకుని గంటల తరబడి కూర్చుంటారు. హోటల్‌కు 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఒకటి ఉంది. నెట్ కంపెనీ ఇచ్చిన తెల్ల డబ్బా, అంటే రూటర్, గల్లాపెట్టె పైన అలమరలో ఉంటుంది. దాని వైఫై పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, ధరల పట్టిక పక్కన గోడకు అంటించారు. హోటల్ పేరు, దాని పక్కన 123. గల్లా దగ్గరి బిల్లింగ్ కంప్యూటర్, సర్వర్లు ఆర్డర్లు నమోదు చేసే రెండు ట్యాబ్‌లు, వంటగదిలో ఆర్డర్ చీటీలు వచ్చే చిన్న ప్రింటర్, ఆరు సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ అన్నీ ఆ డబ్బా మీదే నడుస్తున్నాయి.

మూడు నెలలుగా సాయంత్రం ఆరు దాటితే బిల్లింగ్ కంప్యూటర్‌కు నెట్ రావడం లేదు. డబ్బా ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేస్తే వస్తుంది. మర్నాడు మళ్లీ అదే కథ. ఎక్కువసేపు కూర్చునే వాళ్ల ఫోన్లను ఆమె భర్త ఒక్కొక్కటిగా బ్లాక్ చేసి చూశారు, ఫలితం లేదు. పోయిన నెలలో ఒక శనివారం రద్దీ వేళ, 9వ నంబర్ టేబుల్‌కు 40 మసాలా దోసెలు అని వంటగది ప్రింటర్ నుంచి చీటీ వచ్చింది. పెనం దగ్గరున్న మాస్టర్ పద్దెనిమిది దోసెలు పోశాక గానీ ఆ టేబుల్ ఖాళీగా ఉందన్న సంగతి బయటపడలేదు. బిల్లింగ్ అబ్బాయే ఆకతాయితనంతో చేశాడనుకుని ఆమె అందరి ముందూ అతన్ని తిట్టారు. "నేను కాదమ్మా" అని ఒక్క మాట అని అతను ఊరుకున్నాడట. రెండు వారాల తర్వాత ఒక విద్యార్థి బిల్లు కడుతూ, తన ఫోన్‌లో హోటల్ కెమెరాల లాగిన్ పేజీ తెరిచి చూపించాడు. "ఇక్కడ కూర్చున్న ఎవరికైనా ఇది తెరుచుకుంటోంది ఆంటీ, చూసుకోండి" అన్నాడు.

ఇప్పుడు ఇంట్లో తలో మాట. కస్టమర్లకు వైఫై పూర్తిగా తీసేద్దామని భర్త అంటున్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మరిది 45 వేల రూపాయల సామాను జాబితా పంపాడు. కేబుల్ ఆపరేటర్ రెండో కనెక్షన్ తీసుకోమంటున్నాడు. "ఎవరి మాట వినాలి? మా నెట్ మీద ఎవరైనా చేయరాని పని చేస్తే పోలీసులు మా దగ్గరకు వస్తారా? ఆ దోసెల చీటీ దాచి ఉంచాను. మామూలు చీటీల్లా దాని మీద హోటల్ పేరు లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఆ అబ్బాయి ఇప్పుడు నా ముఖం చూసి మాట్లాడడం లేదు. తప్పు అతనిదో కాదో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

అమ్మా, మీరు చివర రాసిన మాటకే ముందు జవాబు చెబుతాను. మీకు నిద్ర పట్టనివ్వనిది వైఫై కాదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

ఆ చీటీని మీరు దాచడం మంచిదయింది. మీ మామూలు చీటీలు తెలుగులో వస్తాయి, పైన హోటల్ పేరు, ఆర్డర్ నంబర్, సమయం ఉంటాయి. అలాంటి ప్రింటర్ల లోపల సాధారణంగా తెలుగు అక్షరాలు ఉండవు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెలుగు మాటలను బొమ్మగా మార్చి పంపితే ప్రింటర్ ఆ బొమ్మను అచ్చు వేస్తుంది. బిల్లింగ్ అబ్బాయి కంప్యూటర్‌లోనో ట్యాబ్‌లోనో ఆర్డర్ కొట్టి ఉంటే, అది సాఫ్ట్‌వేర్ గుండా వచ్చి మిగతా చీటీల్లాగే తెలుగులో ఉండేది. పేరు లేకుండా, నంబర్ లేకుండా, ప్రింటర్ సొంత ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిందంటే సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా నేరుగా ప్రింటర్‌కే ఎవరో పంపారు. అది ఎంత తేలికో చెబుతాను. నెట్‌వర్క్‌కు తగిలించే ఇలాంటి ప్రింటర్లు 9100 అనే నంబరు గల తలుపు ఎప్పుడూ తెరిచి ఉంచుతాయి. ఆ తలుపుకు పాస్‌వర్డ్ ఉండదు. అదే వైఫై మీద ఉన్న ఏ ఫోనైనా నాలుగు మాటలు పంపితే అది అచ్చు వేసి ఇస్తుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇది పది నిమిషాల సరదా. ఆ సరదాకు మీ వాళ్లు పద్దెనిమిది దోసెలు పారేశారు, ఒక కుర్రవాడు పదిమందిలో తల దించుకున్నాడు.

మీకు ఇంకా సందేహం మిగిలితే, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ శనివారం ఆర్డర్ల జాబితా తీయండి. నంబర్లు వరుసగా ఉంటాయి. ఆ సమయంలో 9వ టేబుల్‌కు 40 దోసెల ఆర్డర్ నమోదు కాకపోతే, రద్దయినట్టు కూడా కనిపించకపోతే, అది మీ గల్లా నుంచి వెళ్లలేదు. ఆ అబ్బాయి తన సొంత ఫోన్ నుంచి పంపి ఉండవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. అనవచ్చు. కానీ పాస్‌వర్డ్ గోడ మీద ఉన్నప్పుడు, ఆ సాయంత్రం హోటల్‌లో కూర్చున్న ప్రతి మనిషి మీదా అంతే అనుమానం పెట్టుకోవాలి. అతనొక్కడి మీదే పెట్టడానికి మీ దగ్గర ఏ ఆధారమూ లేదు.

తిట్టింది నలుగురిలో కాబట్టి, పొరపాటు పడ్డానని చెప్పడం కూడా ఆ నలుగురిలోనే జరగాలి. మాస్టర్ ఉండగా, సర్వర్లు ఉండగా, ఆ చీటీ, ఒక మామూలు చీటీ పక్కపక్కన పెట్టి చూపించండి. చాటుగా పిలిచి నచ్చజెప్పి, ఓ వంద రూపాయలు చేతిలో పెడితే అతని మీద పడిన మచ్చ మిగతా వాళ్ల మనసులో అలాగే ఉంటుంది. యజమానురాలు పనివాడికి క్షమాపణ చెప్పడమేమిటని ఇంట్లో ఎవరైనా అంటే, నమ్మకమైన బిల్లింగ్ మనిషి మళ్లీ దొరకడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు పని. మన పాత ఇళ్లకు వీధి అరుగు ఉండేది. దారిన పోయేవాళ్లు కూర్చునేవారు, మంచినీళ్లు అడిగేవారు, కబుర్లు చెప్పుకునేవారు. ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు. కానీ అరుగు మీద నుంచి నేరుగా వంటింట్లోకి, ఇనప్పెట్టె ఉన్న గదిలోకి దారి ఉండేది కాదు, మధ్యలో తలుపు ఉండేది. మీ హోటల్ నెట్‌లో ఆ మధ్య తలుపు లేదు. ఇప్పుడు దాన్ని ఏ ధరలో, ఏ పద్ధతిలో పెట్టించుకోవాలన్నదే మీ ముందున్న ప్రశ్న.

దానికంటే ముందు, సాయంత్రం ఆరింటి జబ్బు సంగతి చెప్పాలి. దారి ఎంచుకోవడానికి అదీ పనికొస్తుంది. మీ డబ్బా తన దగ్గరకు వచ్చే ప్రతి ఫోనుకూ 192.168.1.15, 192.168.1.16 అన్నట్టు ఒక లోపలి చిరునామా ఇస్తుంది. అలాంటి ఒక వరుసలో మొత్తం 254కు మించి ఉండవు. వాటిలో వంద మాత్రమే పంచిపెట్టేలా అమర్చిన డబ్బాలూ ఉన్నాయి. ఒకసారి ఇచ్చిన చిరునామాను చాలా డబ్బాలు ఒక రోజంతా ఆ ఫోను కోసమే అట్టేపెడతాయి. బస్సు కిటికీలోంచి సీటు మీద తుండుగుడ్డ వేసి మనిషి ఎటో వెళ్లినట్టన్నమాట. పొద్దున ఏడింటికి పెసరట్టు తిని వెళ్లినాయన తుండుగుడ్డ సాయంత్రం దాకా మీ సీటు మీదే ఉంటుంది. ఆరింటికి సీట్లు నిండుతాయి, అప్పుడు బిల్లింగ్ కంప్యూటర్ నిలబడాల్సి వస్తుంది. డబ్బా ఆపి వేస్తే తుండుగుడ్డలన్నీ దులిపేసినట్టు, కాసేపు బాగుంటుంది. దీనికి తోడు ఇంటి వాడకానికి ఇచ్చే డబ్బాలు ఒకేసారి ముప్పై నలభై ఫోన్లు తగిలితే తడబడతాయి. మీ లక్షణాలకు ఈ రెండూ సరిపోతున్నాయి. కనెక్షన్ వేగం పెంచినా ఇది తగ్గదు. ఎవరైనా 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారమంటే మారకండి.

మీ వారు ఫోన్లు బ్లాక్ చేసినా ఎందుకు ఫలించలేదో కూడా చెబుతాను. డబ్బా ఫోన్‌ను దాని హార్డ్‌వేర్ నంబర్‌తో గుర్తుపడుతుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో ఐఫోన్లకు వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు నంబర్ చూపించకుండా ఒక కల్పిత నంబర్ చూపిస్తున్నాయి. సెట్టింగ్‌లో ఒక మీట నొక్కితే వేరే నంబర్‌తో మళ్లీ రావచ్చు. ఆయన వృథాగా శ్రమపడ్డారు, అందులో ఆయన లోపమేమీ లేదు.

మీ వారు చెప్పిన మార్గం, అంటే కస్టమర్లకు వైఫై తీసేయడం, తీసిపారేయదగ్గది కాదు. ఇప్పుడు దాదాపు అందరి ఫోన్లలో రోజువారీ డేటా ఉంటుంది. వైఫై లేదంటే ఒక కాఫీతో రెండు గంటలు కూర్చునే బల్లలు ఖాళీ అవుతాయి, టిఫిన్‌కు వచ్చేవాళ్లకు చోటు దొరుకుతుంది. అది మీకు లాభమో నష్టమో నాకంటే మీ గల్లా పుస్తకం బాగా చెబుతుంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఒక్కో టేబుల్ మీద ఎంత బిల్లు అవుతోందో వారం రోజులు రాసి చూడండి. ఒకటి మాత్రం గమనించండి. మీ హాలు వెనక భాగంలో సిగ్నల్ సరిగా అందదని రాశారు. అక్కడ కూర్చున్నవాళ్లు బిల్లు క్యూఆర్ కోడ్‌కు కట్టాలన్నా వైఫై కావాలి, లేదంటే ఫోన్ పట్టుకుని గుమ్మం దాకా రావాలి. పైగా వైఫై తీసేశామని బోర్డు పెట్టినంత మాత్రాన పని అయిపోదు. నాలుగేళ్లుగా ఆ పాస్‌వర్డ్ ఎన్ని వందల ఫోన్లలో ఉందో లెక్కలేదు. ఎలాగూ దాన్ని మార్చాలి, డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చాలి.

పైసా ఖర్చు లేని మార్గం ఒకటుంది. ఇంట్లో ఎవరూ దాని గురించి చెప్పలేదు. మీ దగ్గరున్న డబ్బా సెట్టింగ్స్‌లోకి వెళ్లి గెస్ట్ నెట్‌వర్క్ అనే ఏర్పాటు ఉందేమో చూడండి. ఉంటే దాన్ని కస్టమర్ల కోసం వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో తెరవవచ్చు. లోపలి యంత్రాలు కనిపించకుండా, చాలా డబ్బాల్లో ఒక ఫోనుకు మరో ఫోను కూడా కనిపించకుండా అది అడ్డం పెడుతుంది. అయితే నెట్ కంపెనీలు ఇచ్చే కొన్ని డబ్బాల్లో రెండో పేరు పెట్టుకునే వీలు మాత్రమే ఉంటుంది, లోపల గది ఒక్కటే. రెండు బోర్డులు తగిలించిన ఒకే గుమ్మం. పైకి చూస్తే రెండు నెట్‌వర్క్‌లు కనిపిస్తాయి కాబట్టి మనం నిశ్చింతగా ఉంటాం. అది అసలు వైఫై లేకపోవడం కంటే ప్రమాదం. ఏది నిజమో పరీక్షించి తెలుసుకోవాలి, దాని సంగతి చివర చెబుతాను. ఇంకొకటి, ఇది నిజంగా పనిచేసినా మీ ఆరింటి జబ్బు పూర్తిగా పోతుందని చెప్పలేను. అన్ని ఫోన్ల బరువూ ఆ డబ్బాయే మోయాలి.

పదిహేను వందల నుంచి రెండున్నర వేల లోపు వచ్చే రెండో రూటర్ కొనడం మరో మార్గం. మీ హోటల్ పరిమాణానికి నా మనసు దీని వైపే మొగ్గుతోంది. కానీ దీన్ని తలకిందులుగా పెట్టేవాళ్లే ఎక్కువ. ఏలూరులో ఒక మందుల దుకాణానికి వెళ్లినప్పుడు ఇదే చూశాను. దుకాణదారు జాగ్రత్తపరుడు. కొత్త రూటర్ కొని, పాత డబ్బాకు తగిలించి, కొత్తదాన్ని బయటివాళ్లకు ఇచ్చాడు. బిల్లింగ్ కంప్యూటర్, మందుల స్టాకు ఉన్న కంప్యూటర్ పాత డబ్బా మీదే ఉంచాడు. కొత్త పాస్‌వర్డ్‌తో నా ఫోను కలిపి అతని స్టాకు కంప్యూటర్ చిరునామా కొట్టగానే దాని ఫోల్డర్లు తెరుచుకున్నాయి. అతని ముఖం పాలిపోయింది. జరిగిందేమిటంటే, రూటర్ తన వెనక ఉన్నవాళ్లను బయటికి వెళ్లనిస్తుంది, బయటివాళ్లను లోపలికి రానివ్వదు. కొత్త రూటర్ వెనకున్న కస్టమర్‌కు పాత డబ్బా "బయట" కిందే లెక్క. అందుకని ఆ దారి గుండా దర్జాగా వెళ్లిపోతాడు. అంటే కాపాడుకోవలసినవి వెనక ఉండాలి. మీ విషయంలో కస్టమర్లు పాత తెల్ల డబ్బా మీదే ఉంటారు. బిల్లింగ్ కంప్యూటర్, ట్యాబ్‌లు, ప్రింటర్, డీవీఆర్ కొత్త రూటర్ వెనక్కి వెళ్లాలి.

తగిలించేటప్పుడు ఇంకో మెలిక ఉంది. కొత్త రూటర్ వెనక భాగంలో ఒక రంధ్రం మిగతా వాటి కంటే వేరే రంగులోనో, ఇంటర్నెట్ అనో వాన్ అనో రాసో ఉంటుంది. పాత డబ్బా నుంచి వచ్చే వైరు దానిలోనే పెట్టాలి. పక్కన ఉన్న మామూలు రంధ్రంలో పెట్టినా నెట్ వస్తుంది. వస్తుంది కాబట్టే ఎవరికీ అనుమానం రాదు. కానీ అప్పుడు అది తలుపు కాకుండా పొడిగింపు అవుతుంది, రెండు గదులూ ఒకటైపోతాయి. పాతదాని చిరునామాలు 192.168.1తో మొదలైతే, కొత్తదానివి 192.168.50 లాంటి వేరే వరుసలో ఉండేట్టు పెట్టాలి. బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటర్, డీవీఆర్‌లకు వైర్లు లాగి, వాటికి మారని చిరునామాలు కేటాయించండి. పాత డబ్బాలో చిరునామా గడువును ఒక రోజు నుంచి ఒక గంటకు తగ్గించండి, తుండుగుడ్డల గొడవ తీరుతుంది. ఆ డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్ తప్పక మార్చండి. దాని సెట్టింగ్స్ పేజీ కస్టమర్ల ఫోన్లలో తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ కూడా చాలాసార్లు డబ్బా కిందే అచ్చు వేసి ఉంటుంది.

ఈ పద్ధతిలోనూ లోటు ఉంది. మీ బిల్లింగ్ నెట్ కస్టమర్ల గది గుండానే బయటికి వెళుతుంది, కాబట్టి సాయంత్రం పూట వాళ్లు వీడియోలు చూస్తే మీ వేగం తగ్గవచ్చు. బిల్లింగ్‌కు, చెల్లింపులకు కావలసిన డేటా చాలా కొద్ది. పాత డబ్బాలో కొత్త రూటర్‌కు ప్రాధాన్యం ఇచ్చే సెట్టింగ్ ఉంటే సరిపోతుంది, లేకపోతే అప్పుడప్పుడూ ఇబ్బందే. మీ వారు ఇంటి నుంచి కెమెరాలు చూసేది తయారీదారు యాప్ ద్వారా అయితే దానికి సాధారణంగా ఇబ్బంది రాదు. డబ్బాలో పోర్టులు, అంటే ఇందాకటి 9100 లాంటి తలుపులు, తెరిచి నేరుగా చూసే పాత పద్ధతి అయితే ఆగిపోతుంది. ఆగిపోవడమే మేలు.

కేబుల్ ఆపరేటర్ చెప్పిన రెండో కనెక్షన్ అన్నింటికంటే శుభ్రమైనది. అతను తన వ్యాపారం కోసమే చెప్పి ఉండవచ్చు, సలహా మాత్రం మంచిదే. రెండు వైర్లు, రెండు డబ్బాలు, ఒకదానికొకటి సంబంధం ఉండదు. కస్టమర్లు ఎంత వాడినా మీ గల్లాకు తెలియదు. నెలకు మరో నాలుగైదు వందలు, పైన జీఎస్టీ. తీసుకుంటే వేరే కంపెనీది తీసుకోండి. ఒకటి పోయినప్పుడు రెండోది అక్కరకొస్తుంది. ఒకే కంపెనీవి రెండు ఒకే స్తంభం మీది నుంచి వస్తే, లారీ తగిలి తీగ తెగిన రోజున రెండూ కలిసే పోతాయి. నేను భయపడేది వేరే సంగతికి. ఏదో ఒక రోజు ప్రింటర్ పనిచేయడం లేదని ఎవరో ఒకరు రెండు డబ్బాల మధ్య ఒక వైరు కలిపేస్తారు. ఆ క్షణాన మీ ఖర్చంతా నీళ్లపాలు. డబ్బాలను చెరో చోట పెట్టించండి.

మీ మరిది పంపిన జాబితా చూశాను. తెలివైన జాబితా. ఒకే తీగ మీద అనేక వేర్వేరు నెట్‌వర్క్‌లు నడిపే వీలాన్ పద్ధతి అది. 802.1క్యూ అనే ప్రమాణం ప్రకారం ఒక్కో గదికి ఒక నంబర్ ఇస్తారు, 4094 దాకా ఇవ్వవచ్చు. మీకు కావలసినవి రెండు, మహా అయితే కెమెరాలకు మూడోది. మూడంతస్తుల లాడ్జికో, నర్సింగ్ హోముకో అయితే అతని మాటే వినమనేవాణ్ని. పన్నెండు టేబుళ్ల హాలులో సీలింగ్‌కు మూడు యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై సిగ్నల్ పంచే పెట్టెలు, అక్కరలేదు. దీనికంటే ముఖ్యం, ఆదివారం రద్దీలో అది మొరాయిస్తే ఎవరు చూస్తారు? అతను హైదరాబాద్‌లో ఉంటాడు, మీ ఊళ్లో దాన్ని ముట్టుకోగలిగిన మనిషి ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి. అతన్ని నొప్పించకుండా చెప్పడానికి ఒక మాట ఉంది: రెండో శాఖ పెట్టినప్పుడు ఈ జాబితానే తీస్తామని చెప్పండి. ఈ లోపు ఫోన్‌లో మాట్లాడుతూ కొత్త రూటర్ సరిగా పెట్టించే పని అతనికి అప్పగించండి. అది అతనికి చిటికెలో పని.

ఏ మార్గం పట్టినా కొన్ని తప్పవు. డీవీఆర్‌కు కొన్నప్పటి పాస్‌వర్డ్ ఈ రోజే మార్చండి, ఈ ఉత్తరం పక్కన పెట్టేసైనా సరే. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతటా లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను పట్టుకుంది. దాని ఉపాయమల్లా ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లను వరుసగా ప్రయత్నించడమే. ఆ ఏడాది అక్టోబరు 21న అలా పట్టుకున్న యంత్రాలతోనే అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి పడగొట్టారు. మీ గల్లా మీదికి తిరిగి ఉన్న కెమెరా ఎవరి చేతిలో ఉందో మీకు తెలియాలి కదా. లోపలి నెట్‌వర్క్ పాస్‌వర్డ్ మీకు, మీ వారికి మాత్రమే తెలియనివ్వండి. ట్యాబ్‌లలో మీరే కొట్టి ఇవ్వండి. పనివాళ్ల సొంత ఫోన్లు కస్టమర్ల వైఫై మీదే ఉండాలి. అలా అంటే వాళ్లు అవమానంగా తీసుకోవచ్చు, ముఖ్యంగా ఈ గొడవ తర్వాత. అందుకని మీ ఫోను, మీ వారి ఫోను కూడా కస్టమర్ల వైఫై మీదే పెట్టుకోండి. లోపల యంత్రాలు మాత్రమే, మనుషుల ఫోన్లు ఎవరివైనా బయటే అన్న నియమం అందరికీ ఒకటైతే ఎవరికీ బాధ ఉండదు. కార్డు మెషిన్, డబ్బు వచ్చిందని చెప్పే సౌండ్ బాక్స్ సాధారణంగా సిమ్ మీద నడుస్తాయి. అవి అలాగే ఉండనివ్వండి, వైఫైకి కలపకండి. నెట్ పోయిన రోజున అవే మిమ్మల్ని ఆదుకుంటాయి.

పోలీసుల సంగతి అడిగారు. భయపెట్టడానికి కాదు గానీ, తెలుసుకుని ఉండాలి. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన ఈమెయిల్ నవీ ముంబయిలో ఒక ఇంటి వైఫై గుండా వెళ్లింది. ఆ ఇంట్లో ఉండే వ్యక్తి పంపలేదు, అతని వైఫైని ఎవరో వాడుకున్నారు. అయినా విచారణ మొదలైంది అతనితోనే. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే మొదటి ప్రశ్న వాళ్లకే వస్తుంది, మీ హోటల్‌లో అది మీ వారికి. ఆ అనుభవాల తర్వాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఆదేశాలు ఇచ్చింది. బహిరంగ స్థలాల్లో వైఫై ఇచ్చేటప్పుడు గుర్తింపు కార్డు నకలు తీసుకునో, మొబైల్ నంబర్‌కు ఎస్సెమ్మెస్‌లో లాగిన్ వివరాలు పంపో, ఎవరు వాడారో తెలిసేట్టు ఉంచాలన్నది వాటి సారం. గోడ మీద కాగితం ఈ లెక్కకు సరిపోదు. మీ ప్లాన్ ఇంటి వాడకానికి ఇచ్చినదైతే, బయటివాళ్లతో పంచుకోవడానికి ఒప్పందం అనుమతిస్తుందో లేదో కంపెనీని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

దీనికి ఒక చక్కని మార్గం ఉంది, మన చిన్న హోటళ్లలో దాని గురించి ఎక్కువమంది మాట్లాడుకోరు. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం వాణి పథకం. టీ కొట్టు, కిరాణా కొట్టు వాళ్లు కూడా లైసెన్సు లేకుండా, రుసుము కట్టకుండా వైఫై ఇవ్వడానికి వీలు కల్పించింది. ఇలాంటి దుకాణాల వైఫైలను కలిపి లాగిన్లు, లెక్కలు చూసే అగ్రిగేటర్ కంపెనీ ఒకదానితో చేరతారు, అది చెప్పిన యాక్సెస్ పాయింట్ పెడతారు. కస్టమర్ తన నంబర్‌తో ఒకసారి యాప్‌లో నమోదు అయి లాగిన్ అవుతాడు. ఎవరు వాడారన్న లెక్క మీ నెత్తిన ఉండదు. ఇలాంటి దుకాణాలకు 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఇంటి ప్లాన్ ధరకు రెండింతలకు మించి వసూలు చేయరాదని 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పరిమితి కూడా పెట్టింది. ఇబ్బందల్లా యాప్ అనగానే కొందరు విద్యార్థులు విసుక్కుని సొంత డేటా వాడుకుంటారు. మీకు అది నష్టమని నేననుకోను. మీరే పుస్తకంలో ఫోన్ నంబర్లు రాయించుకుందామంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఆడపిల్లల నంబర్లున్న పుస్తకం గల్లా మీద పడి ఉండడం మంచిది కాదు. అనుమతి లేకుండా ఆ నంబర్లకు మీ ఆఫర్లు పంపడం కూడా సరికాదు.

ఇప్పుడు పరీక్ష. పని అయిపోయిందని ఎవరు చెప్పినా నమ్మకండి, మీ మరిది చెప్పినా సరే. సోమవారం మధ్యాహ్నం, హాలు ఖాళీగా ఉన్న వేళ చూసుకోండి. బిల్లింగ్ అబ్బాయిని పిలిచి, అతని ఫోన్‌నే కస్టమర్ల వైఫైకి కలపమనండి. మొబైల్ డేటా ఆపేయాలి. ముందు డీవీఆర్ చిరునామా కొట్టించండి, ఆ విద్యార్థి చూపించిన లాగిన్ పేజీ రాకూడదు. తర్వాత లోపలి రూటర్ చిరునామా, అది కూడా తెరుచుకోకూడదు. ప్రింటర్‌కు నేరుగా అక్షరాలు పంపే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి, ఒకటి వేయించి 9100కు నాలుగు మాటలు పంపమనండి. మాస్టర్‌ను వంటగదిలో ప్రింటర్ ముందు నిలబెట్టండి. చీటీ వస్తే పని ఇంకా కాలేదు, వైరు ఏ రంధ్రంలో ఉందో మళ్లీ చూడండి. తర్వాత గోడ మీది పాత కాగితం అతని చేతే పీకించండి.